సమోవార్ వెనక నడిచిన సభ

రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన మీరిమ్ అనే అమ్మాయి మా కొచ్కోర్ మేతబయలు మీద పెద్దదొకటి, చిన్నదొకటి రెండు ఊలు గుడారాలు వేయించి, మధ్యలో గుడారానికో వరస, గంటకో గడి గీసిన పలక నిలబెట్టింది. వక్తలంటూ ఎవరూ లేని సభట. వచ్చినవాళ్లలో ఎవరికేం తెలుసో కాగితం ముక్క మీద రాసి, వేళ చూసుకుని ఆ పలకకి అంటించాలి. అధ్యక్షుడు లేడు, వేదిక లేదు.

"ఇంకొక్క నియమం," అంది నవ్వుతూ. "వింటున్నది పనికిరాదనిపిస్తే లేచి పక్క గుడారంలోకి వెళ్లిపోండి. ఎవరూ ఏమీ అనుకోరు."

మావాళ్లందరూ తలలూపారు. పెద్దవాడు మాట్లాడుతుంటే, ఆయన అరచేతులతో ముఖం తడుముకుని దీవించేదాకా మావాళ్లు తుమ్ము కూడా ఆపుకుంటారు. తలలూపడం మటుకు బాగా వచ్చు.

ఒరోజ్‌బాయ్ ముసలాయన ఒకప్పుడు సమష్టి వ్యవసాయ క్షేత్రంలో పశువుల అధికారి. అందరికంటే ముందు పలక దగ్గరికి చేరి, పెద్ద గుడారం గడులన్నిటిలోనూ తన కాగితాలే అంటించాడు. పొద్దున 'గొర్రెలు, నా అనుభవాలు'. ఆ తర్వాత 'నా అనుభవాలు, తరువాయి'.

"తాతా, వేరేవాళ్లకి కూడా ఒక గడి వదలండి," అంది మీరిమ్.

"ఎవరికి తెలిసింది వాళ్లు చెప్పమన్నావు కదమ్మా. నాకు ఎక్కువ తెలుసు."

చిన్న గుడారానికి ఒక్క కాగితమే పడింది. బాత్కెన్ వైపు నుంచి వచ్చిన మమసాలీ అనే కాపరిది. చలికాలంలో ఊటనీళ్లని గొట్టంతో పైకి చిమ్మించి గుట్టగా గడ్డకట్టిస్తే, ఎండలు ముదిరేదాకా కరుగుతూ మందకి నీళ్లిస్తుందట. అది ఎలాగో చెబుతానని రాశాడు.

కెంజే వచ్చింది దాని కోసమే. ఆమె మా పక్కింటి కోడలు. గొర్రెలు ఈనే వేళకి వాళ్ల వాగు ఎండిపోతోంది. నిరుడు తనూ మంచుగుట్ట కట్టబోతే గొట్టం పగిలింది. ఈసారీ నిలవకపోతే మందని వదిలించుకుని, మొగుడూ పెళ్లాలు మాస్కో పోయి హోటళ్లలో గిన్నెలు తోమడమే. మమసాలీ వెళ్లే వ్యానేమో మధ్యాహ్నానికే.

కానీ ఒరోజ్‌బాయ్ ఆమె మామగారి అన్న. ఆయనున్న గుడారంలో టీ పోయడం కోడలి పని. గుమ్మం దగ్గర, టీనీళ్లు మరిగే సమోవార్ పక్కన కూర్చుని పోస్తూనే ఉంది.

ముసలాయన ఒక పొట్టేలు దగ్గర మొదలుపెట్టాడు. దానికొచ్చిన పతకం, పతకమిచ్చిన మంత్రి, మంత్రి పెట్టుకున్న టోపీ. గుడారం కిక్కిరిసి ఉంది. ఒక్కడు కదిలితే ఒట్టు. నూనెలో వేయించిన పిండిముక్కలు, బోర్సోకులు, నములుతూ, నోరు ఖాళీ అయినప్పుడు ఆవలిస్తున్నారు. తెర సందులోంచి చిన్న గుడారం కనిపిస్తోంది. మమసాలీ ఒళ్లో గొట్టం ముక్క పెట్టుకుని ఒక్కడే కూర్చున్నాడు.

మీరిమ్ లోపలికి తొంగి చూసి, "అందరూ స్వేచ్ఛగా కదలచ్చు," అంది.

"అవునవును, కాళ్లు చాపుకోండి," అన్నాడు ఒరోజ్‌బాయ్.

మాకు గిన్నెలో సగం పోస్తేనే మర్యాద. అంచుదాకా పోస్తే ఇక లేవమని. కెంజే అంచుదాకా పోసి ఆయన చేతికిచ్చింది. చూసినవాళ్లు నమలడం ఆపేశారు. ముసలాయన గటగటా తాగేసి, మంత్రి టోపీ ఎక్కడ వదిలాడో అక్కడే అందుకున్నాడు.

కెంజే లేచి సమోవార్ రెండు చెవులూ పట్టుకుంది.

"ఎక్కడికే కోడలా?"

"పక్క గుడారంలో అతిథి పొద్దుట్నించీ గొంతు తడుపుకోలేదు మామయ్యా. వాళ్లూరు పోయి చెబితే మాటొచ్చేది మీకే కదా."

అతిథికి టీ వద్దనగల పెద్దమనిషి మా లోయలో లేడు. ఆయన మీసం దువ్వుకున్నాడు.

కాసేపటికి నా పక్కవాడు ఖాళీ గిన్నెతో లేచాడు. "టీ పోయించుకొస్తా." వాడి వెనక ఇంకొకడు. జ్ఞానానికి లేవని కాళ్లు టీకి లేచాయి. నేనూ గిన్నె పట్టుకునే వెళ్లాను.

అక్కడ కెంజే ఎవరికీ పోయడం లేదు. మమసాలీ ఎదురుగా కూర్చుంది.

"గొట్టం ఎప్పుడు పగిలింది అక్కా?"

"మొదట్లోనే. రాత్రిళ్లు నీళ్లు కట్టేసేవాళ్లం, వృథా ఎందుకని."

"అదే కొంప ముంచింది. నీళ్లు ఆగితే గొట్టంలోనే గడ్డకడతాయి. రాత్రీ పగలూ పారాల్సిందే. నేల మీద పరచలేదు కదా?"

"పరిచాం."

"మరింకేం. నడుంలోతున పాతండి. గుట్ట ఎండ తగలని వైపు కట్టండి."

"అమ్మాయీ, టీ," అన్నాడు వెనక నుంచి ఒకడు.

"నీకు చేతుల్లేవా?" అంది తల తిప్పకుండా.

బయట వ్యాను హారన్ కొట్టింది. మమసాలీ గొట్టం ముక్క ఆమె చేతిలో పెట్టి పరిగెత్తాడు. టీ తాగనే లేదు.

సాయంత్రం మీరిమ్ మెరిసే కళ్లతో, "చూశారా, నచ్చిన చోటికి ఎలా లేచి వెళ్లారో. నియమం పనిచేసింది," అంది. మావాళ్లు తలలూపారు. పెద్ద గుడారంలో ముసలాయన, నిద్రపోయిన ఇద్దరికి ఇంకా చెబుతూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే కెంజే మా గుమ్మంలో నిలబడింది.

"పలుగు ఇస్తావా బాబాయ్? నేల గడ్డకట్టకముందే తవ్వాలి."

ఇచ్చాను. ఆ చిన్న గుడారం నిండా మనుషులే కదా, అందరి చెవినా పడిన మాటే. పలుగు అడగడానికి ఇంకెవరూ రాలేదు.