నానమ్మ వేసిన ఫ్యాను

సముద్రం మీద పరిశోధన చేస్తూ సముద్రమంటే చచ్చేంత భయపడే మనిషిని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. మా తాత భీమిలి దగ్గర వేటకెళ్తే పడవ ఒక్కటే తిరిగొచ్చింది. ఏడాది తిరక్కుండా మా నానమ్మ సూరమ్మ మా నాన్నను చంకనేసుకుని, సముద్రం కనపడని ఊరు కావాలని టాటానగర్ రైలెక్కింది. అక్కడి బాగ్‌బేరాలో మా ఇంట్లో గవ్వన్నది ఉండదు. ఆవిడ భయం నాకు ఉగ్గుపాలతోనే పట్టింది.

అయినా నేను చదివింది సముద్రాన్నే, కాకపోతే గదిలో కూర్చుని. బంగాళాఖాతం అడుగున పొరలుగా పేరుకున్న మట్టిని ఎవరో ఓడ మీద వెళ్ళి తెస్తారు. అందులో ఇసుక రేణువంత గవ్వలుంటాయి. లోపలి జీవి ఆ గవ్వ కట్టుకున్ననాడు నీళ్ళెంత వెచ్చగా ఉన్నాయో దాని సున్నంలో నిలిచిపోతుంది. సన్నటి తడి కుంచెతో వాటిని ఒక్కొక్కటే ఏరి పరీక్షకు పంపితే, ఇరవై వేల ఏళ్ళ కిందటి సముద్రం సంగతి తెలుస్తుంది.

నాకిచ్చిన పొర మట్టి మొత్తం అయిపోయింది. ఏరిన గవ్వలే మిగిలాయి. మా సార్ ముందే చెప్పారు, అవి చాలకపోతే వచ్చే నెల ఓడెక్కి కొత్త మట్టి నేనే తెచ్చుకోవాలని. చిటికెడు తెల్లదుమ్ము నన్ను నేల మీద ఉంచుతోందన్నమాట. ఈ సంగతి నానమ్మకూ తెలుసు. అందుకే సెలవుల్లో మైక్రోస్కోపుతో సహా ఆ దుమ్మును ఇంటికి తెస్తే నోరెత్తలేదు. పైగా గుమ్మంలో కాపలా కూర్చునేది.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. కిటికీలు ముందే మూసేశాను, తుమ్మితే ఎగిరిపోయే సరుకది. ఫోను టార్చి వెలుగులో గవ్వలన్నీ చిన్న గాజుపళ్ళెంలోకి మార్చాను. ఇక సీసాలో పోయడమే మిగిలింది. చెమట కళ్ళల్లోకి దిగుతోంది.

"గాలాడక సచ్చిపోతన్నావే," అంది నానమ్మ.

"కుఛ్ నహీ హోగా, ఏం కాదులే నానమ్మా. మాట్లాడకు."

వెనక టక్కుమని ఏదో చప్పుడైంది. మైక్రోస్కోపులోంచి తలెత్తలేదు నేను.

కాసేపటికి మెడ మీద చల్లగా తగిలింది. హాయిగా ఉందనుకున్నాను, నా మొహం. కళ్ళ ముందు గవ్వలు పక్కకు జరిగాయి. కరెంటొచ్చింది, నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పళ్ళెం మీద రెండు చేతులూ కప్పాను. అప్పటికే అది ఖాళీ.

నానమ్మ గబగబా ఫ్యాను కట్టేసింది. "కరెంటొత్తే నీకు గాలొత్తాదని నానే ఏసీసినానే. ఏటైనాది?"

బుద్ధుందా నీకు అని అరిచాను. ఆవిడ నన్ను చూడలేదు, పళ్ళేన్నే చూసింది. మొహం పాలిపోయింది.

"అయితే ఓడెక్కీసి ఎల్తావేటి?"

ఆవిడ మోకాళ్ళ నొప్పులతోనే నేల మీదికి వంగింది.

"గుండ్రంగా ఉంటాయన్నావు గదా. నానెత్తుతాను. నువ్వు అడుగు తియ్యకు, తొక్కీగలవు."

గవ్వ పేరెత్తితే లేచి వెళ్ళిపోయే మనిషి, వేలు తడి చేసుకుని గచ్చంతా అద్దుతూ, దొరికినదల్లా పళ్ళెంలో రాల్చింది. నేనూ ఇంకో మూల వెతికాను. చీకటి పడేవేళకు పళ్ళెం లెన్సు కింద పెట్టాను. అన్నీ గుండ్రంగా ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా ఫోకస్ చేస్తే నల్లగా మెరిశాయి. మా ఊరి ఉక్కు ఫ్యాక్టరీ చిమ్నీల్లోంచి రోజూ ఆరేసిన బట్టల మీద రాలే ఇనపధూళి అది. మధ్యలో తెల్లవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని.

"సాల్తాయేటి?"

"ఇంకా కావాలి," అన్నాను. చాలవనే ధైర్యం లేకపోయింది.

ఆవిడ మళ్ళీ మంచం కిందికి దూరింది. నేను సార్‌కి ఫోన్ చేసి, ఓడకి నా పేరు రాయమన్నాను. మంచం కింద గాజుల చప్పుడు ఆగిపోయింది.

"ఈతొచ్చేటే నీకు?"

"రాదు నానమ్మా."

మంచం కింద గాజులు మళ్ళీ కదిలాయి.

"మీ తాతకి బాగా వచ్చును," అంది.