నాలుగో గింజ

అంగడి రోజు సాయంత్రం ముత్తమ్మ ఇంట్లో వంట మొదలయ్యే తీరు ఎప్పుడూ ఒకటే. ముందు సంచి వంచి కూరగాయలన్నీ చేటలో పోస్తుంది. మెంతికూర ఒక దిక్కు, వంకాయలు ఒక దిక్కు. తర్వాత అనపకాయల కుప్పలోంచి చేతికి ఏది దొరికితే అది, ఒక్క కాయ తీసి గోటితో చీలుస్తుంది. లోపల ఎన్ని గింజలుంటే ఆ పూట ఆ కుండలో అన్నం అంతమంది తింటారు. మనిషికి ఒక గ్లాసు చొప్పున బియ్యం పోసి కడుగుతుంది.

తొండుపల్లిలో ఆ వాడకట్టు మొత్తానికీ ఈ సంగతి తెలుసు. చలికాలం అనపకాయ, ఎండకాలం చింతకాయ, వానకాలం పెసరకాయ. అంగట్లోకి ఏ కాలంలో ఏది వస్తే అది చెబుతుంది. ముత్తమ్మ అత్తకు కూడా కాయ ఇట్లాగే చెప్పేదట. ఒక వానకాలం పెసరకాయలో తొమ్మిది గింజలు వచ్చాయి. ఇంట్లో ఉన్నది ముగ్గురు. ముత్తమ్మ అటుక మీదినుంచి పెద్ద గిన్నె దించింది. అన్నం ఉడికేసరికి తుక్కుగూడ నుంచి ఆరుగురు చుట్టాలు తడుస్తూ ఆటో దిగారు. పక్కింటి రేణుకమ్మ అయితే తన పొయ్యి వెలిగించే ముందు గోడ మీదినుంచి తల పెట్టి అడుగుతుంది.

"వదినె, ఇయ్యాల కాయల ఎన్ని? నాకేమన్న ఉన్నదా?"

ఉందంటే ఆమె ఇంట్లో ఆ పూట పొగ లేవదు.

సరిత ఆ ఇంటికి కోడలుగా వచ్చి ఐదు నెలలు. చుట్టాలో రేణుకమ్మో వచ్చిన రోజులు తీసేస్తే, వచ్చిన నాటి నుంచి కాయలో మూడే గింజలు. అత్త ముత్తమ్మ, మామ ఐలయ్య, తను. నాలుగో గింజ రావాలి. అది ఆమె భర్త లక్ష్మణ్‌ది. ఒక్కనాడు కూడా రాలేదు.

లక్ష్మణ్ ఎయిర్‌పోర్టు దగ్గర కారు నడుపుతాడు. రెండేళ్ల కింద ఒక రోజు తండ్రి పక్కన కూర్చుని అన్నం కలుపుతుంటే ఫోన్ మోగింది. బెంగుళూరు విమానం దిగిన వాళ్లెవరో బండి అడిగారు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలి లక్ష్మణ్ లేచాడు. ఐలయ్య పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి మట్టిలో పని చేసిన మనిషి. ఇప్పుడు చేను చాలావరకు పోయి ముప్పై గుంటల కూరగాయల తోట మిగిలింది కానీ, మెతుకు కింద పడితే కళ్లకద్దుకుని తింటాడు.

"అన్నం ముందటికెళ్లి లేచినోడు నా బంతిల కూసోవద్దు" అన్నాడు.

లక్ష్మణ్‌కు రోషం వచ్చింది. "బంతిల ఏంది, ఇగ నీ కుండల మెతుకు గూడ ముట్ట" అన్నాడు.

ఇద్దరూ అన్న మాట మీద నిలబడే మనుషులు. వచ్చిన తంటా అదే. లక్ష్మణ్ పెళ్లిలో కూడా తండ్రీకొడుకులు మధ్యలో ఎవరినో ఒకరిని పెట్టుకుని మాట్లాడారు. ఆ గొడవ నాటి నుంచి అతను పార్కింగు దగ్గర మెస్సులోనే తింటాడు. ఇంటికి వచ్చి సరిత జడ సవరిస్తూ ఆ రోజు బండి ఎక్కిన వాళ్ల ముచ్చట్లు చెబుతాడు. ఎవరో ముసలామె మామిడి తొక్కు జాడీ ఒళ్లో పెట్టుకుని దుబాయి పోయిందని, ఎవరో పిల్ల దారి పొడవునా ఏడ్చిందని. సరిత వింటూనే ఉంటుంది. కానీ అతని వేళ్లకు మెస్సు సాంబారు వాసన. ఆ సాంబారు మీద ఆమెకు సవతి మీద ఉన్నంత కోపం.

పెళ్లి రోజు అందరూ నవ్వుతూ చూస్తుంటే తిన్న రెండు ముద్దలు తప్ప, తన మొగుడు ఎట్లా తింటాడో సరితకు తెలియదు. ముందు కూర తింటాడా? పచ్చిపులుసు జుర్రుకుంటాడా? ఇంకో ముద్ద వేస్తానంటే చెయ్యి అడ్డం పెడతాడా? బియ్యం ఏరుతూ ఆమె ఇవే అనుకునేది. పైన విమానం పోతే దాని నీడ చేట మీదుగా చేపలాగా జారిపోయేది.

పోయిన వారం లక్ష్మణ్ శంషాబాద్‌లో ఒక కిరాయి రూము చూశాడు.

"ఆడ నువ్వు, నేను. నువ్వు వండు, నేను తింట. ఎవరి బంతి గొడవ లేదు" అన్నాడు.

సరిత గుండె ఎగిరింది. మళ్లీ అంతలోనే దిగింది. రెండు గింజల కాయ ముందు కూర్చున్న అత్తామామలు కళ్లలో మెదిలారు. ఒకసారి ఈ ఇల్లు దాటితే తండ్రీకొడుకులు ఇంక ఒక్క దగ్గర కూర్చోరని ఆమెకు తెలుసు. రేపు పొద్దునే పోవడం. ఈ రోజు అంగడి.

అంగట్లో తారాబాయి ముందు అనపకాయలు పచ్చగా గుట్ట పోసి ఉన్నాయి. మహేశ్వరం అవతలి తండా నుంచి మొదటి బస్సుకు తెచ్చుకుంటుంది. సరిత గుట్ట ముందు గొంతుక్కూర్చుని ఒక్కో కాయా తీసి వేలితో తడుముతోంది. నాలుగు ఉబ్బులున్నవి సంచిలో, మూడున్నవి మళ్లీ గుట్టలో.

తారాబాయి కాసేపు చూసి నవ్వింది. "ఏందవ్వా, కాయలు కొంటున్నవా, నాడి చూస్తున్నవా? నా కాయలకేమన్న జరమొచ్చిందా?"

"నాలుగు గింజలయి కావాలె, తారక్కా."

"ఐదు నెలలసంది నాలుగే అంటున్నవ్. ఇంటికి పోయినంక ఎన్నొస్తున్నయి?"

"మూడే."

తారాబాయి నవ్వు ఆపింది. తన చేత్తో గుప్పెడు కాయలు తీసి సంచిలో వేసింది. "నేను చూడకుంట ఏసిన. గిట్ల గూడ చూడు ఒకసారి" అంది.

ఇన్నాళ్లూ అంతే. బయటికి ఉబ్బులు నాలుగు కనబడేవి, చీలిస్తే లోపల మూడు. నాలుగో గింజ ఉండాల్సిన జాగా తెల్లగా, నున్నగా, ఎవరో లేచి పోయిన పీటలాగా ఉండేది. సరిత ఆ ఖాళీ మీద వేలు పెట్టి చూసేది. వెచ్చగా తగిలేది.

ఆ రోజు సరిత ఇంటికి వచ్చి సంచి వంచగానే ముత్తమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని పక్కకు జరిగింది.

"ఇయ్యాల నువ్వే ఇప్పు, బిడ్డా. రేపటిసంది నీ కుండ నీది. నేర్సుకోవాలె గద" అంది. గొంతు మామూలుగానే ఉంది. కళ్లు మాత్రం మెంతికూర వైపు తిప్పుకుంది.

సరిత కళ్లు మూసుకుని ఒక కాయ తీసింది. గోరు గుచ్చింది. టప్పుమని చీలింది.

మూడు.

అరుగు మీద ఐలయ్య బీడీ ఆర్పాడు. "ఎన్నొచ్చినయి, బిడ్డా?"

ఆ ఇంట్లో కాయ మీద ఎవరూ ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. సరిత చేయి గుప్పిటగా ముడుచుకుంది. పైన విమానం ఒకటి గాలిని చింపుకుంటూ దిగుతోంది. అది పోయేదాకా ఆగింది.

"నాలుగు, మామా."

ముత్తమ్మ కోడలి గుప్పిట వైపు చూసింది. తెరవమని అడగలేదు. నాలుగో గ్లాసు బియ్యం పోసింది.

ఐలయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకుని వాకిట్లోకి నడిచాడు. లక్ష్మణ్ రేపటి కోసం కారు మీద పరుపు కడుతున్నాడు. ఐలయ్య కొడుకు ముఖం చూడలేదు. కారు టైరుతో అన్నట్టు అన్నాడు.

"కాయల నాలుగొచ్చినయట."

తాడు లాగుతున్న చేతులు ఆగాయి. "ఎవరన్న చుట్టాలొస్తరేమో."

"ఈ యాళకు ఏ చుట్టమొస్తడు?"

"రేణుకత్త?"

"వాళ్ల అన్నకు జరమని ఊరికి పోయింది."

ఐలయ్య కాలితో టైరును తట్టాడు.

"నేనైతే పిలుస్తలేను" అన్నాడు ఐలయ్య. "కాయ పిలుస్తుంది. నీ ఇష్టం."

లక్ష్మణ్ తాడు వదిలేశాడు. "కాయ మాట నేనెప్పుడన్న కాదన్ననా, బాపు" అని కాళ్లు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయాడు.

వంటింట్లో సరిత ఎల్లిపాయ చితక్కొట్టి పోపు వేసింది. మెంతికూర, అనపగింజలు వేసి మూత పెట్టింది. వంకాయ కాల్చి పచ్చిపులుసు పిసికింది. కాయ మూడు అంది. తను నాలుగు అంది. అంటే ఎవరో ఒకరు తినరు. మళ్లీ ఎవరో మధ్యలో లేస్తారు. ఈసారి లేస్తే మరి ఇద్దరినీ ఎవరూ కలపలేరు. అది తన వల్లే అవుతుంది.

పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. నడిమింట్లో ముగ్గురూ బంతిగా కూర్చున్నారు. తండ్రికీ కొడుక్కీ నడుమ ముత్తమ్మ గోడలాగా కూర్చుంది.

"నువ్వు గూడ కూసో, బిడ్డా" అంది.

"నేను ఏస్త, అత్తమ్మా. మీరు కానియ్యిండి."

నిలబడి వడ్డిస్తే, ఎవరు లేవబోయినా కంచంలో ఇంత కూర వేసి ఆపవచ్చని ఆమె ఆశ.

రెండో ముద్దకు ఐలయ్య గొంతు సవరించాడు. సరిత గరిటె పట్టుకుని బిగుసుకుపోయింది.

"పులుసుల ఉప్పు జర తక్కువైంది" అన్నాడు భార్యతో.

"ఏం తక్కువ కాలే. సరిగ్గనే ఉన్నది" అన్నాడు లక్ష్మణ్, గోడలాంటి తల్లిని దాటి.

"నీకు హోటల్ తిండి అలవాటై నాలుక మొద్దుబారింది."

"నీకు బీడీలు తాగి బారింది."

ముత్తమ్మ కంచం మీదికి వంగి నవ్వు దాచుకుంది. సరిత గబగబా ఇద్దరి కంచాల్లోనూ అన్నం పెట్టింది. అక్కడి నుంచి మాట తోట మీదికి పోయింది. వంకాయ నారు ముందు పోసి ఉండాల్సిందని కొడుకు, ఎండలు తెలియని మాటలు మాట్లాడొద్దని తండ్రి. బోరు నీళ్లు తగ్గాయని ఒకరు, పైపు పగిలిందని ఒకరు. రెండేళ్ల మాటలు ఒక్క బంతిలో తోసుకుంటూ వచ్చాయి. మాటకొక ముద్ద. సరిత పెడుతూనే ఉంది, వాళ్లు తింటూనే ఉన్నారు. ఎవరూ లేవలేదు. కిటికీలోంచి పడే ఎండ ఎర్రబడి, ముగ్గురి కంచాల మీద పసుపునీళ్లలాగా పరుచుకుంది.

చేతులు కడుక్కుంటూ ఐలయ్య అన్నాడు, "పొద్దుగాల పైపుకు అతుకెయ్యాలె. నాకొక్కనికి అయితలేదు."

"ఏస్త తియ్" అన్నాడు లక్ష్మణ్. వాకిట్లోకి పోయి కారు మీది పరుపు విప్పసాగాడు.

సరిత వంటింట్లోకి వచ్చి గిన్నెలో చేయి పెట్టింది. అడుగు తగిలింది. ఒక్క మెతుకు లేదు. నలుగురి బియ్యం ముగ్గురు తిన్నారు.

ముగ్గురు!

ఆమెకు నవ్వు ఆగలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పొయ్యి పక్కన కూలబడి నవ్వింది. ఎప్పుడు ఏడుపులోకి దిగిందో ఆమెకే తెలియలేదు.

ముత్తమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏమన్న తిన్నవా?"

"అత్తమ్మా, కాయల మూడే ఉండె. నేను అబద్ధం చెప్పిన."

"నువ్వు చెప్పినవ్. కాయ చెప్పలే గద" అంది ముత్తమ్మ. చేట ముందుకు జరిపింది. "ఏడ్సుడు సాలు. ఇంకోటి ఇప్పు."

సరిత కళ్లు తుడుచుకుని, చూడకుండా ఒక కాయ తీసి చీల్చింది. రెండు గింజలు. రెంటి మధ్యా సందు లేకుండా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి.

ముత్తమ్మ వంగి చూసింది. రెండు గ్లాసుల బియ్యం తీసి కోడలి ముందు పెట్టి, వాకిట్లోని కొడుకును కేకేసింది.

"లచ్చన్నా! ఇటు రా. అన్నానికి కూసోవాలె."

"ఇప్పుడే గదనే తిన్న! కడుపు పగులుతున్నది."

"పగిలితే కుట్టిస్త. కాయల రెండొచ్చినయి. మాకైతే ఆకలి లేదు."

లక్ష్మణ్ వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. ఖాళీ గిన్నెను చూశాడు, ఎర్రబడిన సరిత కళ్లను చూశాడు. బియ్యం గిన్నె తీసుకుని తొట్టి దగ్గర కడుక్కొచ్చాడు.

మెంతికూర మిగల్లేదు. ఉత్త అనపగింజలు, రెండు పచ్చిమిరపకాయలు, ఇంత ఉప్పు. అన్నం ఉడికేసరికి ఇంట్లో దీపం పెట్టారు. అత్తామామలు అరుగు మీద ఎటో చూస్తూ కూర్చున్నారు. సరిత రెండు కంచాలు ఎదురెదురుగా పెట్టి, మొదటిసారి తన మొగుని ముందు కూర్చుంది.

అతను ముందు అన్నం వేళ్లతో మెత్తగా మెదిపాడు. గింజల్ని కంచం అంచుకు జరిపి, ఒక్కొక్కటే ముద్దలోకి తెచ్చుకున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు సగం మూశాడు. అప్పుడు సన్నగా, తనకే తెలియకుండా, ఏదో కూనిరాగం తీయడం మొదలుపెట్టాడు. నమిలినంతసేపూ అది సాగింది. మింగగానే ఆగింది. తర్వాతి ముద్దకు మళ్లీ అందుకుంది.

సరిత చేతిలో ముద్ద అట్లాగే ఆగిపోయింది.

"ఏంది, తింటలేవు?" అన్నాడు లక్ష్మణ్.

"తింట. నువ్వు తిను" అంది సరిత. అతని కంచంలో ఇంకో గరిటె అన్నం పెట్టింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు.