నేల కింద డ్యూటీ

సరిహద్దులో పోరు మొదలైందని టీవీలో చెప్పిన ఉదయం నుంచి బృంద ఫోను స్విచాఫ్‌లోనే ఉంది. ఆమె వైమానిక దళంలో అధికారి, పడమటి సరిహద్దు దగ్గర ఉద్యోగం. భర్త హరికృష్ణన్ తమిళనాడులోని కోవిల్‌పట్టిలో పెదనాన్న కొడుకుతో కలిసి అగ్గిపెట్టెల యూనిట్ నడుపుతాడు. మూడేళ్ల కూతురు నిరోషా అతని దగ్గరే, నాయనమ్మ గోవిందమ్మాళ్ పెంపకంలో ఉంది. తనది ఏసీ గదిలో కంప్యూటర్ పని అని మాత్రమే బృంద ఇంట్లో చెప్పింది. డ్యూటీకి వెళ్లేటప్పుడు ఫోను బయటే ఇచ్చేయాలి, అది అతనికి తెలుసు. అయినా ఇంత ఆలస్యం ఎప్పుడూ కాలేదు.

హరికృష్ణన్‌కు ఒకచోట కాలు నిలవలేదు. యూనిట్‌లో ఊరికే పనివాళ్ల మీద విసుక్కున్నాడు. ఇంటికొస్తే తల్లి మౌనం. కోడలు ఉద్యోగం మానాలని మనవరాలు పుట్టినప్పటి నుంచి సణిగే మనిషి ఇప్పుడు ఒక్క మాటా అనడం లేదు. అది అతన్ని ఇంకా భయపెట్టింది.

చివరికి మూడో రోజు విరుదునగర్ బస్సెక్కాడు. వైమానిక దళంలో రాడార్ పని చేసి రిటైరైన లక్ష్మణసామి అక్కడ ఉంటాడు, తల్లికి వరసకు అన్న. బస్సులో జనం కూలిన విమానాల గురించి క్రికెట్ స్కోరులా తమిళంలో వాదించుకుంటున్నారు. వినలేక, సీటు వదిలేసి తలుపు దగ్గర నిలబడ్డాడు.

లక్ష్మణసామి కాఫీ ఇప్పించి, వాన గురించి అడిగాడు. హరికృష్ణన్ కప్పు పక్కన పెట్టి, బృంద చేసే పని అసలేమిటో చెప్పమన్నాడు. అప్పుడు పెద్దాయన చెప్పాడు: నేల కింద ఒక గది. ఆకాశంలో ఎగిరే ప్రతి విమానమూ అక్కడి తెరల మీద చుక్కగా కనిపిస్తుంది. మనవేవో, వాళ్లవేవో, ప్రయాణికులవేవో విడదీయాలి. ఎటు తిరగాలో, ఎంత ఎత్తులో పోవాలో మన పైలట్లకు బృంద చెబుతుంది. ఆమె తడబడితే పైనున్నవాడి ప్రాణం పోతుంది.

"నేల కిందనే గదా మామా. ఆమెకి బయం లేదు గదా?"

లక్ష్మణసామి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "నీకాడ అబద్దమెందుకప్పా. ఆ గదే మన కండ్లు. వాండ్లు మొదట కొట్టాలని ఎతికేది దాన్నే."

తిరుగు ప్రయాణంలో, దారి మధ్యలో సాత్తూరులో ఎందుకో దిగిపోయి, బస్టాండంతా తిరిగి, మరో బస్సు పట్టుకున్నాడు. తల్లికి ఏదో ఒకటి కల్పించి చెబుదామనుకున్నాడు గానీ, ఆమె మొహం చూడగానే అంతా చెప్పేశాడు.

"ఆ పిల్ల సల్లగా కూర్చోనుంటాది అనుకుంటినే," అంది గోవిందమ్మాళ్.

మరునాడు యూనిట్‌లో ఉండగా ఫోను వచ్చింది. బృంద గొంతు బొంగురుపోయి ఉంది. నిరోషా తిన్నదా అని అడిగింది. ఇన్నాళ్లూ ఏం చేశావని అతను అడిగాడు.

"నేను చూసుకునినోళ్లంతా బద్రంగా నేలకి దిగినారు మామా. ఒకడు చానాసేపు పలకలేదు. పిలుస్తానే ఉంటిని. మళ్లా పలికినాడు. ఇంతకుమించి చెప్పకూడదు."

ఏడాది చివర ఉద్యోగం మానేస్తానని ఆమె లోగడ మాటిచ్చింది. ఇప్పుడు మానలేనని చెప్పింది.

"నువ్వు రావద్దులే. నేనే పాపని ఎత్తుకోని వస్తాను," అన్నాడు. ఆ మాట నోట వచ్చేదాకా అతనికే తెలియదు.

పెదనాన్న కొడుకు మండిపడ్డాడు, ఆర్డర్లు ఎవరు చూస్తారని. తల్లి కూడా గొడవ పడుతుందనుకున్నాడు. ఆమె మనవరాలి గౌన్లు మడతపెడుతూ, ఆ ఊళ్లో చలి ఎక్కువ కదా, రెండు స్వెట్టర్లు కొనమంది. తర్వాత వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

పోరు ఆగి రైళ్లు మామూలయ్యాక హరికృష్ణన్ కూతురితో బయల్దేరాడు. ఇప్పుడు వాళ్లు ముగ్గురూ సరిహద్దు దగ్గరి క్వార్టర్స్‌లో ఉంటున్నారు. బృంద డ్యూటీకి వెళ్లినప్పుడల్లా అతను వరండాలో అటూ ఇటూ తిరుగుతాడు. పైన విమానం మోత వినిపిస్తే అది పూర్తిగా దూరమయ్యేదాకా ఆగి, మళ్లీ నడుస్తాడు. ఆమె వచ్చాక ఏమీ అడగడు. అన్నం వడ్డించి, ఆమె తినేదాకా ఎదురుగా కూర్చుంటాడు.