బుగ్గన బెల్లం

హైదరాబాద్‌లో ఆన్‌లైన్ పాఠాలు చెప్పే అసద్ సార్‌కు మెసేజ్ పెట్టాను: "సార్, మౌతార్గాన్ మీద బ్లూస్ నేర్పుండ్రి, గా అమెరికాల నల్లజాతి కూలీలు పాడుకున్న పాటలు." వాయించి పంపమన్నారు. పంపాను.

"రెండు రంధ్రాలు పలకడం లేదు. నోట్లో ఏముంది?"

"బెల్లం, సార్."

వేల్పూర్‌లో పసుపు కొమ్ములు పాలిష్ చేసే డ్రమ్ము దగ్గర నా పని. పొద్దంతా దుమ్మే. బెల్లం బుగ్గన పెట్టుకుంటే గొంతులో దుమ్ము దిగుతుందని మావాళ్లందరి నమ్మకం.

"ఆ జిగురు లోపలి రేకులకు పట్టింది. శుభ్రం చేసి, ఉత్త నోటితో వాయించండి. బ్లూస్‌లో ఊదడం కంటే గాలి లోపలికి పీల్చడమే ఎక్కువ."

పీల్చాను. దగ్గు. మళ్లీ పీల్చాను. మళ్లీ దగ్గే. ఒళ్లు మండి, దగ్గుతో సహా పంపేశాను.

ఈసారి ఆయనే ఫోన్ చేశారు. "విష్ణు గారూ, ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి. పాఠం తర్వాత."

"గీ డ్రమ్ము కాడనే పనిచేసిన మా అన్న ఎక్స్‌రే సూసిన, సార్, ఊపిరితిత్తుల నిండ మచ్చలే. నాది గూడ గట్లనే ఉంటది. మీరు పాట చెప్పుండ్రి."

"ఎక్స్‌రే తర్వాతే పాట," అని ఆయన ఫోన్ పెట్టేశారు.

డ్రమ్ము తిరగడం మొదలైంది. మౌతార్గాన్ జేబులో వేసుకుని, బెల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నాను.