నొక్కని వేలు

"నొక్కమ్మా, గట్టిగా నొక్కు," అన్నాడు మేనేజరు మూడోసారి.

ఇస్త్రీ అక్క నొక్కింది. గోడమీది తెర ఉలకలేదు, పలకలేదు. వేలు బట్టకి తుడుచుకుని మళ్ళీ నొక్కింది. వెనక వరసలో ఆడవాళ్ళు నవ్వారు.

"ముక్కుతో నొక్కు వదినా, నీకు కాలకుండా మిగిలింది అదొక్కటే!"

నిజంగానే వంగబోయింది. మేనేజరు కసిరాడు.

ఆస్పత్రుల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే లాండ్రీ అది. షిఫ్టు అయిపోయింది. తెరమీద 'ఇష్టపూర్వకంగా ఇంకో రెండు గంటలు పనిచేస్తాను' అని ఉంది. దాని కింద 'సరే' అనే బటను. నొక్కితే రెండు గంటల తర్వాత గేటు తెరుచుకుంటుంది. నొక్కకపోతే అసలు తెరుచుకోదు. బలవంతాన ఆపితే రెట్టింపు కూలి ఇవ్వాలి. ఇష్టపడి ఉంటే మామూలు కూలి చాలు. ఆ ఇష్టాన్ని పుట్టించడానికే ఈ తెర.

ఆ తెర తయారుచేసిన అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని పక్కనే ఉంది. హాజరు, గేటు, జీతం ఒకదాని వెనక ఒకటి వాటంతటవే కదిలే సాఫ్ట్‌వేర్‌కి తెరలు చేయడం ఆమె ఉద్యోగం. మొదట రెండు బటన్లు పెట్టింది. రెండోది 'ఉండను', అది నొక్కితే గేటు వెంటనే తెరుచుకునేది. ఆఫీసులో తీసేయమన్నారు. కనబడకుండా దాచేసింది. తెర రంగు బాగుందని మెచ్చుకుంటే సంబరపడింది కూడా.

ఇప్పుడు అక్క చెయ్యి పట్టుకుని చూసింది. ఏళ్ళ తరబడి ఆవిరికి కాలికాలి వేళ్ళ కొసలు చెక్కల్లా బిరుసెక్కాయి. అది మనిషి వేలని అద్దానికి తెలియడం లేదు. ఆఫీసులో ఈ బటను నొక్కి చూసినవన్నీ మెత్తటి వేళ్ళే.

"గేటు తియ్యండి సార్," అంది ఇస్త్రీ అక్క. "అమ్మ మంచంలో ఉంది. బయట తాళమేసి వచ్చా. వేళకి మాత్ర పడకపోతే ఫిట్స్ వస్తాయి."

మేనేజరు ఆమె వైపు చూడనేలేదు. "చిన్న మార్పమ్మా," అన్నాడు అమ్మాయితో. "కాసేపు ఎవరూ నొక్కకపోతే సరే అన్నట్టు రాసెయ్. మౌనం అర్ధాంగీకారం అంటారుగా."

"అర్ధమంటే సగమేగా సార్! మిగతా సగం ఎవడబ్బ సొమ్ము?" అంది వెనక వరసలోంచి ఒకామె.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

అమ్మాయి వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. ఎంత పని, ఒక్క వాక్యం. రాస్తే రేపట్నుంచి ఊరికే నిలబడ్డా సరే, ఏడ్చినా సరే, కళ్ళు తిరిగి పడ్డా 'సరే' అన్నట్టే.

"రాయవేం? మీ సార్‌కి ఫోన్ చెయ్యనా?"

"చేసుకోండి," అంది. "అది మాత్రం నేను రాయను."

అతను ఫోన్ తీసేలోపు దాచిన బటనుని పైకి తెచ్చింది. 'సరే' పక్కన 'ఉండను' వెలిగింది.

"ఏంటిది? తీసెయ్!" మేనేజరు తెరకి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

ఇస్త్రీ అక్క తన వేలు చూసుకుంది. ఇది దానికి చేతకాని పని.

"జరగండి సార్," అంది. తల వంచి, ముక్కు ముందుకు పెట్టి, అతని చేతి మీదికే వంగింది.

వెనక వరస ఒక్కడుగు ముందుకేసింది.