గుండ్లాపల్లి దాటకముందే

మా అమ్మమ్మ కరీమున్ ఊరు మారలేదు గానీ ఊరే జిల్లాలు మారుతూ వచ్చింది. ఆవిడ పుట్టినప్పుడు మార్టూరు గుంటూరు జిల్లాలో ఉండేది. ఆవిడ ఈడేరేసరికి ప్రకాశంలోకి వచ్చింది. ఈమధ్య బాపట్లలోకి వెళ్లింది. ఈ చివరి సంగతిని ఆవిడ లెక్కలోకి తీసుకోలేదు. కరాచీ నుంచి చెల్లెలి కొడుకు వాసిం ఫోన్ చేసి, వాళ్లమ్మ వీసాకి ఏయే ఊళ్లు రాయాలని అడిగితే, "దర్శి, ఒంగోలు, మార్టూరు. అంతా ప్రకాశమేరా" అని చెప్పేసింది.

అలా మా చిన్నమ్మమ్మ నస్రత్ వీసా మీద ప్రకాశం జిల్లా ఒక్కటే పడింది. ఆవిడ దర్శిలో మా ఇంట్లో దిగి, పోలీసుల దగ్గర నమోదుకి వెళ్లినప్పుడు గానీ మార్టూరు అందులోకి రాదని తెలియలేదు. ఆ దేశం నుంచి వచ్చినవాళ్లు వీసాలో ఉన్న చోటు దాటి అడుగు పెట్టకూడదు. మార్టూరు చేర్చమని అర్జీ పెట్టాం. "వచ్చేస్తుందిలేమ్మా, కంగారు పడకండి" అన్నారు.

పోనీ అమ్మమ్మే దర్శి రావచ్చు కదా అంటే, చెల్లెలు వస్తోందన్న సంబరంలో ఇల్లు కడుగుతూ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు కుదుపు తగలకూడదన్నారు. అద్దంకి మీదుగా దర్శి వచ్చే దారిలో కుదుపు తప్ప ఇంకేమీ ఉండదు.

దాంతో, చెల్లెలు పెళ్లై కరాచీ వెళ్లాక ఒక్కసారి కూడా కలవని అక్కాచెల్లెళ్లు, రెండు గంటల దూరంలో ఉండి వీడియో కాల్ చేసుకుంటున్నారు.

"ఏందక్కా, ఎప్పుడు చేసినా నీ నుదురే కనపడిద్ది? మొహం కింద మిగతాది ఉందా లేదా?"

"నువ్వొచ్చి చూసుకో. నాకీ ఫోను ఎట్టా పట్టుకోవాలో తెలిసి చావదు."

"వస్తాలే. కాయితం రానీ."

చిన్నమ్మమ్మ తెలుగు వెళ్లిన ఏడాదితోనే ఆగిపోయింది. బస్సుని ఇప్పటికీ మోటారు అంటుంది.

కాయితం రాకముందే కశ్మీరులో దాడి జరిగింది. అక్కడి కొండలు చూడటానికి వెళ్లినవాళ్లని కాల్చి చంపారు. చిన్నమ్మమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. అన్నం ముందు పెడితే పక్కకి జరిపింది. చనిపోయినతని భార్య ఏడుస్తుంటే, తెర మీద ఆ పిల్ల మొహం ఉన్నచోట చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది.

ఆ వెంటనే ప్రభుత్వం సరిహద్దు మూసేస్తున్నామని, వీసాలు రద్దు చేస్తున్నామని, వచ్చినవాళ్లు గడువులోగా వెళ్లిపోవాలని ప్రకటించింది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఒకచోట ఏదైనా మారిస్తే ఇంకెక్కడ పగులుతుందో వెతకడమే నా ఉద్యోగం. ఢిల్లీలో మార్చింది తప్పని నేను అనలేను. కాకపోతే పగిలింది మా హాల్లో.

మా వీధి వాట్సాప్ గ్రూపులో "అపరిచితుల పట్ల అప్రమత్తంగా ఉండండి" అని వరసగా మెసేజీలు. మొదటిది పెట్టినావిడ అంతకు రెండు రోజుల ముందే చిన్నమ్మమ్మ చేత సేమియా చేయించుకుని గిన్నె కూడా తిరిగివ్వలేదు.

నోటీసు ఇవ్వడానికి కానిస్టేబుల్ దేవకుమారి వచ్చింది. నా వయసే ఉంటుంది. చెప్పులు గుమ్మం బయట విప్పి, కాయితం రెండు చేతులతో ఇచ్చింది.

"ఎల్లుండే బయల్దేరాలండి. ఒంగోల్లో ఎస్పీ ఆఫీసులో సంతకాలు, అక్కణ్నుంచి విజయవాడలో రైలు. విజయవాడ దాకా నేను తోడొస్తా. ఢిల్లీ దాకా మీవాళ్లెవరైనా వెళ్లచ్చు."

"దారిలో మార్టూరు తగులుద్ది కదమ్మా" అంది మా అమ్మ. "ఐదంటే ఐదు నిమిషాలు. వాళ్లక్క మంచంలో ఉంది."

"మార్టూరు మీదుగా వెళ్లచ్చండి, దిగకూడదు. మా సీఐ గారిని ముందే అడిగా. ఈ పరిస్థితుల్లో అసలా మాటే ఎత్తొద్దన్నారు."

"మీకూ అక్కచెల్లెళ్లు ఉండే ఉంటారు" అన్నాను నేను, కాస్త పుల్లగానే.

"ఉన్నారు. అందుకే అడిగా" అంది.

చిన్నమ్మమ్మ ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది. "నువ్వేం బాధపడబాక తల్లీ. కరాచీలో మా వీధి మసీదు గుమ్మంలో ఒక పోలీసు పిల్లాడు ఉండేవాడు. అందర్నీ ఆపి జేబులు తడిమేవాడు. ముసలాళ్లు కూడా తిట్టుకునేవాళ్లు. ఒక శుక్రవారం ఎవడో నడుముకి బాంబు కట్టుకొని వస్తే గుమ్మంలోనే ఆపాడు. లోపల మా వాసిం నమాజు చేస్తన్నాడు. వాసిం ఉన్నాడు. ఆ పిల్లాడు లేడు. అప్పట్నుంచీ నన్నెవరు ఆపినా నేను ఆగుతా."

దేవకుమారి టోపీ సర్దుకుని లేచింది. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, నాతోనో గోడతోనో తెలియకుండా అంది:

"నాకు టీ లేకపోతే తలనొప్పండి. ఒంగోల్లో పనయ్యాక గుండ్లాపల్లిలో ఆగి తాగుతా. అక్కడి దాకా ప్రకాశమే. అది దాటాక విజయవాడ దాకా మంచినీళ్లకి కూడా ఆపమనొద్దు."

"అదేందమ్మా, టీ మా ఇంట్లోనే తాగి వెళ్దువు గానీ" అంది మా అమ్మ.

"అమ్మా, నువ్వు ఊరుకో" అని నేను ఫోన్ తీసుకుని పెరట్లోకి పరిగెత్తాను.

మా రహమాన్ మామయ్య మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పని చేస్తాడు. పాలిష్ పట్టిన రాతి పలకల్ని చిన్న లారీలో గుండ్లాపల్లికి చేరవేస్తుంటాడు.

"మామయ్యా, అమ్మమ్మని గుండ్లాపల్లి తేగలమా? చిన్నమ్మమ్మ అక్కడ ఆగొచ్చు. అంబులెన్సు మాట్లాడదామా?"

"అంబులెన్సా! ఆస్పత్రి నుంచి తెచ్చినప్పుడు చూశాగా. వాడు గుంతలో దూకించిన ప్రతిసారీ మా అమ్మ తిట్టిన తిట్లకి సైరను వినపడలా."

"మరెలా?"

"రోజూ ఆ దారిన రాయి తోల్తన్నా. ఒక్క పలక అంచున పెచ్చు లేచినా నా జీతంలో కోస్తారు. మా అమ్మని తేలేనా?"

"పలకల్లా నిలబెట్టి తాళ్లు కడతావా ఏంటి?"

"పడుకోబెట్టే తెస్తానే, తింగరిదానా."

డాక్టర్ని అడిగితే, హైవే మీదే కాబట్టి నెమ్మదిగా వెళ్లి రమ్మన్నారు. మేం నూర్‌బాషాలం. దూది ఏకి పరుపులు కుట్టిన ఇంటివాళ్లం. మామయ్య రాళ్లలోకి వెళ్లిపోయాడు గానీ చేతులకి పాత పని గుర్తుంది. ఇంట్లో ఉన్న పరుపు విప్పి, గడ్డకట్టిన దూదంతా మళ్లీ ఏకి, చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగేలా కుట్టాడు. లారీలో కింద గాలి కొట్టిన ట్యూబులు పరిచి, వాటి మీద ఆ పరుపు వేశాడు. చుట్టూ మామూలుగా పలకలకి పెట్టే రబ్బరు దిమ్మలు పెట్టాడు. ఫోటో పంపితే చూశాను. ఇంత శ్రద్ధగా నన్నెవరూ ఎప్పుడూ ప్యాక్ చేయలేదు.

ఒంగోల్లో సంతకాలు త్వరగానే అయిపోయాయి. మా వీధి ఏసుబాబు కారు తోలుతున్నాడు. చిన్నమ్మమ్మకి మేం ఏమీ చెప్పలేదు. కుదరకపోతే రెండోసారి తట్టుకోలేదని. ఆవిడ ముందు సీట్లో కూర్చుని, కల్లాల్లో ఎర్రగా పరిచిన మిరపకాయల్ని చూస్తూ, "మార్టూరు వచ్చినప్పుడు చెప్పండమ్మా. అద్దంలోంచే చూస్తా" అంది. వెనక దేవకుమారి కిటికీ వైపు తిరిగిపోయింది.

గుండ్లాపల్లిలో రోడ్డు పక్క హోటలు దగ్గర లారీ ఆగి ఉంది. వెనక తలుపు దించి ఉంది. కారు ఆగీ ఆగకముందే లోపలి నుంచి గొంతు వినపడింది.

"ఒరేయ్ రహమానూ, ఆ ఎండ నా కళ్లలో కొడతాంది, పరదా కట్టమని చెప్పానా లేదా!"

చిన్నమ్మమ్మ సీటు బెల్టు తియ్యడం మర్చిపోయి లేవబోయింది. నేను తీశాను.

మామయ్య పలకలు దించే చెక్క వేశాడు. దేవకుమారి ఒక రెక్క, నేను ఒక రెక్క పట్టుకుంటే చిన్నమ్మమ్మ పైకెక్కింది. పరుపు మీద మోకాళ్లు దిగబడిపోయాయి. అక్క చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, తన చెంపకి ఆనించుకుంది. అమ్మమ్మే ముందు తేరుకుంది.

"ఏందే, ఇంత పొట్టిదానివా! ఫోన్లో తెలవలా."

"నువ్వు మొత్తం కనపడతన్నావక్కా" అంది చిన్నమ్మమ్మ, ఏడుస్తూనే. "నుదురు కింద అన్నీ ఉన్నయ్."

"ఉంటయ్ మరి. తుంటి ఒక్కటే డాక్టరుది."

"ప్రకాశం, ప్రకాశం అని చెప్పింది నువ్వేగా! ఊరు ఏ జిల్లాలో ఉందో తెలవదంటే ఎట్టా?"

"జిల్లాలు మారిస్తే నాకెవరు చెప్పారు? ఊరు నా కాళ్ల కిందే ఉందిగా!"

నేను నవ్వడానికి ప్రయత్నించాను. కుదరక హోటల్లోకి వెళ్లాను. దేవకుమారి టీ తెప్పించుకుని, లారీ వైపు వీపు పెట్టి, రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. టీ మీద మీగడ కట్టింది. ఒక్క గుక్కా తాగలేదు.

"చల్లారిపోయిందండి" అన్నాను.

"నాకు అలాగే ఇష్టం" అంది.

తిరిగి వచ్చేసరికి చిన్నమ్మమ్మ అక్క జుట్టు విప్పి, వేళ్లతో చిక్కు తీస్తోంది. మంచంలో ఉన్నవాళ్ల జుట్టు వెనక వైపు ముద్ద కట్టేస్తుంది, ఫోన్లో కనపడదు. నొప్పెడితే అమ్మమ్మ "మెల్లగా తియ్యవే" అని విసుక్కుంటోంది, మళ్లీ తల దగ్గరకి జరుపుతోంది. సన్నగా, తెల్లగా, జడ పూర్తయ్యింది. చివర కట్టడానికి ఏమీ లేకపోతే నా చేతికున్న రబ్బరు బ్యాండు ఇచ్చాను.

వెళ్దామని మేమెవరం అనలేదు. చిన్నమ్మమ్మే తల బయటపెట్టింది.

"అమ్మాయ్, నువ్వా టీ తాగేదాకా ఉంటే నా రైలు పోద్ది. నీ ఉద్యోగం కూడా పోద్ది. రా, పట్టుకో, దిగుతా."

అమ్మమ్మ చెయ్యి వదల్లేదు. "కాసేపు ఆగవే."

"ఆగితే ఆ పిల్లకి మాట వస్తది అక్కా." చిన్నమ్మమ్మ ఆ వేళ్లని ఒక్కొక్కటిగా విప్పింది. చివరి వేలు విప్పాక దాన్ని ముద్దు పెట్టుకుంది.

కారు ఎక్కాం. లారీ మాకంటే ముందు బయల్దేరింది. మార్టూరు కూడా అటేగా. వెనక తలుపు మామయ్య కావాలనే వెయ్యలేదు, తాళ్లు మాత్రం అడ్డంగా కట్టాడు. అమ్మమ్మ తల కింద దిండ్లు పెట్టి వెనక్కి చూసేలా పడుకోబెట్టాడు. ఏసుబాబు అలవాటుగా ఇండికేటర్ వేసి, పక్క లేన్లోకి తిప్పబోయాడు.

"ఓవర్‌టేక్ చెయ్యకు" అంది దేవకుమారి వెనక నుంచి.

"మేడం, అది నలభై మీద పోతంది."

"పోనీ. ఆపొద్దని చెప్పారు గానీ, తొందరగా పొమ్మని ఎవరూ చెప్పలేదు."

జిల్లా బోర్డు దాటాం. మేదరమెట్ల దాటాం. మా వెనక లారీలు హారన్లు కొట్టి, తిట్టుకుంటూ దాటిపోతున్నాయి. ముందు సీట్లో చిన్నమ్మమ్మ, ఎదురుగా కారు పొడవంత దూరంలో అమ్మమ్మ. ఒకరికొకరు ఏదో చెప్పుకుంటున్నారు. అద్దానికి ఇటు మేం ఒకవైపు మాటలే విన్నాం. "తిన్నావా" అంది. "పడుకో" అంది. ఒకసారి "ఆ, నాకూ" అంది.

మార్టూరు దగ్గర లారీ సర్వీసు రోడ్డులోకి దిగింది. అమ్మమ్మ పడుకునే చెయ్యెత్తింది. మా కారు పక్కనుంచి ముందుకు వచ్చేసింది. చిన్నమ్మమ్మ మెడ తిప్పి, లారీ గ్రానైట్ యూనిట్ల గోడల వెనక్కి వెళ్లిపోయేదాకా చూసింది. తర్వాత ముందుకి తిరిగి, సీటులో సర్దుకుని కూర్చుంది.

"ఇంక కొంచెం గట్టిగా పోనీ నాయనా" అంది ఏసుబాబుతో.