కల్వర్టు దగ్గర పదిసార్లు

ఇరవై ఆరేళ్లు షెరిఫ్ ఆఫీసులో పోలీసుగా పనిచేశాను. ఒహాయోలో మా కౌంటీ రోడ్ల పక్కన, మొక్కజొన్న చేల చాటున కారు ఆపుకుని, బండ్ల వేగం కొలిచే రాడార్ గన్ ఒళ్లో పెట్టుకుని కూర్చోవడంతోనే అందులో సగం కాలం గడిచిపోయింది. రిటైరయ్యాక అదే గన్‌తో అవతలి పక్షానికి పనిచేస్తున్నాను. ట్రెంట్ అని ఒకడున్నాడు. పోలీసు రాడార్‌ని ముందే పసిగట్టి డ్రైవర్లను హెచ్చరించే డిటెక్టర్లను రోడ్డు మీద పరీక్షించి వీడియోలు పెడతాడు. వాడు బాగుందన్న పెట్టె అమ్ముడుపోతుంది, బాగాలేదన్నదాని పని అంతటితో సరి. వాడు కారు నడుపుతాడు, నేను మీట నొక్కుతాను.

కాఫీ హోటల్లో లవోన్ నా కప్పు నింపుతూ, "ఏం వెర్లిన్, ఇన్నాళ్లూ వాళ్లని పట్టుకున్నావు, ఇప్పుడు తప్పించుకోడం నేర్పుతున్నావా?" అంటుంది. నవ్వేసి ఊరుకుంటాను గానీ ఆ మాట నాకు గుచ్చుకుంటుంది. నా పేరంటే నాకు అంత పట్టింపు.

నా అల్లుడు ఆల్డెన్ కూడా డిటెక్టరే తయారుచేశాడు. పెద్ద కంపెనీలో ఉద్యోగం మానేసి ఇంటి వెనక షెడ్డులో ఆరేళ్లు కూర్చున్నాడు. మా అమ్మాయి మార్లా ఆస్పత్రిలో రెండు షిఫ్టులు చేసి ఇల్లు నడిపింది. నాకు వాడంటే మొదటినుంచీ చులకన, దాచడం దేనికి. అయినా ఆదివారం భోజనాల దగ్గర అడిగితే చెప్పేవాణ్ని.

"పోలీసోడు రాడార్ ఎప్పుడూ వేసి ఉంచడబ్బాయ్. బండి దగ్గరికొచ్చేదాకా ఆగి, రెప్పపాటు నొక్కి వదిలేస్తాడు. ఆ రెప్పపాటులోనే నీ పెట్టె కూయాలి. లేదంటే కాగితాలు ఎగరకుండా పెట్టుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాదు."

"ఒకేచోట మళ్లీ మళ్లీ నొక్కుతారా మామగారూ?"

"తలకాయున్న పోలీసెవడూ నొక్కడు. చోటు తెలిసిపోయాక ఇంకెవడు దొరుకుతాడు?"

వాడు ఆ మాట జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. నేను మరో మాంసం ముక్క వడ్డించుకున్నాను.

అక్టోబరులో ఆల్డెన్ పెట్టె పరీక్షకొచ్చింది. ట్రెంట్ బాగుందంటే ఒక పెద్ద దుకాణాల కంపెనీ దాన్ని తమ అన్ని కొట్లలోనూ పెడతానంది. కాదంటే షెడ్డుకి తాళమే. తయారుచేసినవాడు పరీక్ష దగ్గర ఉండకూడదన్నది ట్రెంట్ పెట్టిన నియమం. కాబట్టి ఆల్డెన్ ఇంట్లోనే ఉండిపోయాడు.

"నీ అల్లుడిది కదా ముసలాయనా, ఇవాళ్టికి తప్పుకుంటావా?" అన్నాడు ట్రెంట్. "జనం కామెంట్లలో ఏకిపారేస్తారు."

నాకు ఒళ్లు మండింది. "నేను కోర్టులో ఎన్ని వందలసార్లు సాక్ష్యం చెప్పానో నీకు తెలుసా? నన్ను ఏకేవాడు ఇంకా పుట్టలేదు."

మిగతా పెట్టెలకి నేను ఎప్పుడూ పోలీసు నొక్కినట్టే నొక్కేవాణ్ని. కారు ఒకసారి పందుల కొట్టం దగ్గరుండగా, ఒకసారి మలుపు దాటగానే, నా బుద్ధికి తోచినచోట నొక్కేవాణ్ని. ఆరోజు మాత్రం అలా చేయలేదు. రోడ్డు కింద కల్వర్టు ఉన్నచోట నారింజ రంగు గీత గీశాను. ముందు చక్రాలు గీత దాటిన క్షణానే నొక్కుతానని చెప్పాను. కెమెరా ముందుకెళ్లి మరీ, "ఇది మా అల్లుడి పెట్టె. అందుకే పదిసార్లూ ఒకేచోట, ఒకే దూరం నుంచి. నన్ను వేలెత్తి చూపే సందు ఎవరికీ ఇవ్వను" అన్నాను.

మొదటిసారి నొక్కాను. వాకీటాకీలో ట్రెంట్ అరుపు, "కూసింది! అబ్బో, అంత చురుకైనది నేనింతవరకు చూడలేదు!" రెండోసారీ కూసింది, మూడోసారీ కూసింది. నిజం చెప్పాలంటే నాకు ఆనందమేసింది. ఆరేళ్లలో మొదటిసారి, వీడు మా అల్లుడు అనుకున్నాను.

నాలుగోసారి నొక్కాను.

"నొక్కావా?"

"నొక్కాను."

"ఇక్కడ చప్పుడు లేదు."

అక్కణ్నుంచి పదోసారి దాకా చప్పుడు లేదు. ప్రతిసారీ చక్రం గీత మీదికొచ్చేదాకా కాచుకుని మరీ నొక్కాను. నా వేలు ఒక్క వెంట్రుకవాసి తేడా చేయలేదు. ట్రెంట్ కారు దిగి, "మొదటి మూడూ గుడ్డిగా తగిలినట్టున్నాయి. పదికి మూడు. నేనేం చేయను" అన్నాడు.

వీడియో వచ్చిన వారానికి దుకాణాలవాళ్లు వద్దన్నారు. ఆల్డెన్ షెడ్డుకి తాళం వేసి గోదాములో అట్టపెట్టెలు మోసే పనికి చేరాడు. "వాడి కోసం నేను అబద్ధమాడలేను కదమ్మా" అన్నాను మార్లాతో. అది గిన్నెలు కడుక్కుంటూ పోయింది.

జనవరిలో నా ట్రక్కు పాడైతే మార్లా కారు వారంపాటు తెచ్చుకున్నాను. అద్దానికి ఆల్డెన్ పెట్టె తగిలించే ఉంది. సోమవారం మందుల దుకాణం ముందు నుంచి పోతుంటే కూసింది. దానంతటదే తెరుచుకునే తలుపుల్లో చిన్న రాడార్ ఉంటుంది, దానికి అన్ని డిటెక్టర్లూ కూస్తాయి. మంగళవారం కూసింది, బుధవారం కూసింది. గురువారం కూయలేదు.

"మీ ఆయన పెట్టె పాడైపోయినట్టుందే" అన్నాను సాయంత్రం.

"పాడవలేదు నాన్నా. ఒకేచోట మూడుసార్లు అదే వింటే, ఇది పోలీసు కాదు, ఏదో తలుపని నేర్చుకుని ఊరుకుంటుంది. మిగతా డిటెక్టర్లకి అది నేర్చుకోడానికి వారాలు పడుతుంది. ఆల్డెన్‌కి దానిమీదే గర్వం."

నా చేతిలో చెంచా సూప్‌లోనే ఉండిపోయింది. మూడుసార్లు. కల్వర్టు దగ్గర కూసిందీ మూడుసార్లే.

ట్రెంట్‌కి ఫోన్ చేశాను. అంతా విని, "ఇప్పుడు మళ్లీ చేస్తే మామ ఏడ్చి చేయించాడంటారు. వదిలెయ్ ముసలాయనా" అన్నాడు. వాడి స్థానంలో నేనున్నా అదే మాట అనేవాణ్ని.

శనివారం వాళ్లింటికి వెళ్లేసరికి ఆల్డెన్ వాకిట్లో మంచు తోస్తున్నాడు. తడబడుతూనే అంతా చెప్పాను. వాడు పార ఆపలేదు.

"వీడియో చూసినరోజే తెలిసింది మామగారూ. ప్రతిసారీ ఆ గీత కనిపిస్తూనే ఉంది కదా."

"మరి చెప్పవేం?"

"ఎవరికి చెప్పను? ఏ పోలీసూ ఒకేచోట మళ్లీ నొక్కడని మీరే చెప్పారు. ఆ మాట నమ్మే మూడు చాలనుకున్నాను. మీరేమో వేలెత్తి చూపే సందివ్వనని అంతమంది ముందు చెప్పుకున్నారు. మీ అమ్మాయి ఆ వీడియో పక్కన కూర్చుని చూసింది. మా నాన్న న్యాయంగా చేశాడంది. నేనింకేమంటాను?"

"నీకు సాయం చేశానని అనిపించుకోకూడదని అలా చేశాన్రా" అన్నాను. అన్నాక నా మాట నాకే సిగ్గేసింది. నీతి అనుకున్నదంతా నా పరువు కోసమే.

ఆల్డెన్ అప్పుడు పార మంచులో గుచ్చి నావైపు చూశాడు. వాడి ముఖంలో కోపం కూడా లేదు.

"సాయం నేనెప్పుడడిగాను మామగారూ? అందరి పెట్టెలకీ చేసినట్టే నాదానికీ చేసుంటే సరిపోయేది."

గోడకి ఆనించి ఇంకో పార ఉంది. అందుకోబోయాను. "వద్దు, నేను చేసుకుంటా" అని వాడు మళ్లీ వంగాడు.